నెత్తురు పల్చబడే గోలి

ఇరవై ఏళ్లుగా నేను అంగన్‌వాడీ టీచర్ని. దేవరకొండ అవతల ఉన్న మా ఊళ్లో నా నోటి నుంచి రక్తం అనే మాట వినని ఆడమనిషి లేదు. కడుపుతో ఉన్న పిల్ల కనిపిస్తే చాలు, కనురెప్ప కిందికి లాగి చూస్తాను. తెల్లగా ఉందా, తిట్లు మొదలు. "రక్తం పల్చబడ్డదే పిల్లా! మునగాకు తిను, బెల్లం పల్లీలు తిను, నేనిచ్చిన ఎర్ర గోలీలు గోడవతల పడెయ్యకు, మింగు!" పల్చటి రక్తమంటే బలం లేని రక్తం, చిక్కటిదైతే బలమున్నది. పాల సంగతి ఎట్లాగో రక్తం సంగతీ అట్లాగే అని మా ఊరి లెక్క, నా లెక్క కూడా. అది తప్పని ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేదాన్ని కాదేమో. నాకు నోరు పెద్దదని ఊళ్లో పేరు, అది అబద్ధమేమీ కాదు.

నా భర్త తాళ్లు గీసేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీసేవాడు. పదహారో ఏట వాళ్ల నాయిన చేతుల మీదుగా మోకు అందుకున్నాడు. మోకు అంటే చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. దాని మీద వెనక్కి వాలి, కాళ్లు చెట్టుకు తన్నిపెట్టి, తాడును ఒక్కో జానెడు పైకి ఎగేసుకుంటూ ఎక్కాలి. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి, ముప్పై ఏళ్లకు పైగా అదే పని. మా సెంటరు తాళ్లవనానికి ఆనుకునే ఉంటుంది. ఆయన చెట్టు మీదికి చేరి కల్లు కారే మొగి గీస్తూనే కిందికి ఒక కన్నేసి ఉంచేవాడు. "టీచరమ్మా! పోరడొకడు గేటు దాటుతాండు, జర చూడు!" అని ఆకాశంలోంచి కేక వినిపించేది. నాకీ ఉద్యోగమొచ్చినప్పటి నుంచి నన్ను పిలిచేది టీచరమ్మ అనే. కోపమొచ్చినా అదే పిలుపు, మురిపెమొచ్చినా అదే.

ఒకరోజు సగం చెట్టెక్కి, ఖాళీ కల్లు లొట్టితోనే దిగొచ్చాడు. చెట్టు మొదట్లో కూర్చుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

"లోపల కోడిపిల్లను పెట్టి మూసినట్టుందే. రెక్కలు కొట్టుకుంటాంది."

మా ఊళ్లో సూదులేసే డాక్టరు గ్యాసన్నాడు. నెల రోజులు గ్యాస్ గోళీలు మింగాడు. కోడిపిల్ల మాత్రం వస్తూ పోతూనే ఉంది. వచ్చినప్పుడు నాలుగడుగులకే ఆయాసం. చివరికి దేవరకొండ దవాఖానలో ఛాతీకి వైర్లు అంటించి కాగితం తీశారు. ఆ కాగితం చూసి, నల్లగొండలో గుండె డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు.

ఆ డాక్టరమ్మ నాకంటే పదేళ్లు చిన్నది. ఓపిక మాత్రం నాకంటే చాలా పెద్దది. ఆమె మాకు అర్థమయ్యేలా చెప్పింది. "గుండెకు ఒక మేస్త్రీ ఉంటడు. ఆయన మాట ప్రకారమే అది కొట్టుకుంటది. మీ గుండెల ఇంకో నలుగురు మేస్త్రీలు తయారైన్రు. ఒకేసారి అందరూ అరుస్తున్నరు. ఎవరి మాట వినాల్నో తెల్వక గుండె వణుకుతాంది, అంతే." దానికి రెండు దారులున్నాయంది. ఒకటి గోళీలు. గోళీలు ఆ నలుగురి నోళ్లు నొక్కి పెడతాయి, ఆపేస్తే వాళ్లు మళ్లీ అరవొచ్చు. కొందరికి గోళీలతోనే ఏళ్ల తరబడి బాగానే గడుస్తుంది, కొందరికి కొన్నాళ్లకు పని చెయ్యవు, కొందరికి మబ్బుగా, నీరసంగా ఉంటుంది. రెండో దారి పట్నంలో చేసేది. తొడ దగ్గరి నరంలోంచి సన్నటి తీగ గుండెదాకా పంపి, ఆ దొంగ మేస్త్రీలున్న జాగా చుట్టూ చిన్నగా కాలుస్తారు. వాళ్ల అరుపు ఆ కంచె దాటి రాదు. అది చాలామందికి బాగా పని చేస్తుంది గానీ, కొందరికి రెండోసారి చెయ్యాల్సి వస్తుంది, అరుదుగా ప్రమాదమూ ఉంటుంది. "ఇది గొప్పది, అది తక్కువది అని లేదు. ఏది ఎవరికి కుదురుతదో చూసుకోవాలె" అంది.

ఆయన అడిగింది ఒక్కటే. "చెట్టెక్కొచ్చా మేడం?"

"ఇప్పుడొద్దు. మీకు బీపీ కూడా ఉంది గదా, అందుకని రక్తం పల్చబడే గోలి రాస్తున్న. అది వేసుకున్నన్ని రోజులు దెబ్బ తగిలితే నెత్తురు తొందరగా ఆగదు. చెట్టు మీంచి జారితే చాలా ప్రమాదం, కత్తి పని కూడా ప్రమాదమే."

"తీగ పెట్టించుకుంటే?"

"పెట్టించుకున్నంక కూడా కొన్ని నెలలు ఆ గోలి తప్పదు. అప్పటికి గుండె దారిల పడి, మీకు బీపీ తప్ప వేరే ఏ ఇబ్బందీ లేకపోతే, ఆ గోలి ఆపే సంగతి ఆలోచిస్తం. చెట్టు సంగతి కూడా అప్పుడే. మాటైతే ఇస్తలేను."

మాట ఇవ్వనన్నా ఆయన ముఖం వెలిగింది. ఆయనకు కావలసింది గుండె బాగుపడడం కాదు, మళ్లీ మోకు మీద వెనక్కి వాలడం. అది నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా అడ్డం పడ్డాను.

ఎందుకంటే నా చెవిలో పడింది రెండే మాటలు. కాల్చడం, పల్చబడడం.

కాల్చడమంటే మాకు సురుకు. ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, వెనకట మా దిక్కు పిల్లలకు కడుపులో బల్ల పెరిగితే ఇనుప చువ్వ ఎర్రగా కాల్చి పొట్ట మీద పెట్టేవాళ్లు. నా భర్త పొట్ట మీద అట్లాంటివి మూడు మచ్చలున్నాయి. పెళ్లైన కొత్తలో వాటిని చూసి నేను ఏడ్చాను. పొట్ట మీద పెడితేనే అట్లా ఉంటే, గుండెలో పెడితే మనిషి మిగులుతాడా?

ఇంటికొచ్చి చెబితే మా అత్తమ్మ నాకు పూర్తిగా అడ్డం తిరిగింది. "పెట్టియ్యుండ్రి! కాలిస్తెనే రోగం పోతది. నేను మూడు సురుకులు పెట్టిపిస్తెనే గదా నా కొడుకు గీ మాత్రం బతికిండు" అంది.

"చూసినవా టీచరమ్మా, సదువుకోని మా అమ్మ పెట్టియ్యమంటాంది, సదువుకున్న నువ్వు వద్దంటున్నవ్" అని ఆయన నవ్వాడు. "చిన్నప్పుడు మీద పెట్టిండ్రు, ఇప్పుడు లోపల పెడ్తరు. నాకేం ఫికర్ లేదు."

"నాకుంది ఫికర్" అన్నాను. "గోలీలతోటి తగ్గుతదేమో చూద్దాం. వచ్చే ఏడు చూద్దాం తీగ సంగతి."

ఆ ఇంట్లో ఎప్పుడూ నా మాటే నెగ్గుతుంది. ఆసారీ నెగ్గింది.

మూడు రకాల గోళీలు. ఒకటి బీపీది, ఒకటి గుండెను నెమ్మదిగా నడిపేది, ఒకటి చిన్నది, గులాబీ రంగుది, రక్తానిది. ఏది ఎప్పుడో ఆయనకు గుర్తుండదని అన్నీ నేనే చేతిలో పెట్టేదాన్ని. కోడిపిల్ల సద్దుమణిగింది నిజమే. కానీ మనిషి మబ్బుగా ఉండేవాడు. గట్టు ఎక్కాలన్నా బరువు. తమ్ముడు చెట్లెక్కుతుంటే, తాను కింద మండువలో కూర్చుని తాగేవాళ్లకు తాటాకు రేకల్లో కల్లు పోసేవాడు. పోస్తూ పోస్తూ పైకి చూసేవాడు.

ఒకరోజు పొద్దున పిల్లలకు గుడ్లు పెడుతున్నాను. పైనుంచి కేక. "టీచరమ్మా! ఒకడు బోరింగ్ కాడికి పోతాండు!"

నేను అలవాటు కొద్దీ ఆ పిల్లాణ్ని పట్టుకొచ్చి కూర్చోబెట్టాను. కూర్చోబెట్టాక గాని నాకు తట్టలేదు, ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో. దొంగతనంగా చెట్టెక్కినవాడు నోరు మూసుకుని ఉండొద్దూ! చెట్టు కిందికి ఉరికాను.

"దిగు! ఎందుకెక్కినవ్?"

"తమ్ముడు లొట్టి సరిగ్గ కట్టిండో లేదో సూద్దామని..."

"తాటిచెట్టు ఎందుకెక్కినవంటే దూడగడ్డి కోసమన్నడట! దిగుతవా, రాళ్లేస్తనా?"

నవ్వుకుంటూనే దిగాడు. దిగాక చూస్తే ఎడమ బొటనవేలికి తువ్వాల చుట్టి ఉంది. గీత కత్తి చిన్నగా తగిలిందట. ముప్పై ఏళ్లలో అట్లాంటివి వంద తగిలి ఉంటాయి, ఇంత పసుపు అద్దుకుని మళ్లీ ఎక్కేవాడు. ఆ రోజు మాత్రం నెత్తురు ఆగలేదు. తువ్వాల తడిసింది, నా కొంగు తడిసింది. గట్టిగా అదిమి పట్టుకుని అరగంట కూర్చున్నాను. అది ఎర్రటి నీళ్లలాగా కారుతూనే ఉంది. ఇదీ పల్చబడిన రక్తం! మనిషిని రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు చేస్తున్న గోళీని నా చేతులతో నేనే ఇస్తున్నానా?

ఆ మరునాటి నుంచి గులాబీ గోళీ బందు పెట్టాను. దాని జాగాలో నా సెంటరులో కడుపుతో ఉన్నవాళ్లకిచ్చే ఎర్ర గోళీ ఇచ్చాను. ఎవరికీ చెప్పలేదు. గులాబీవి తీసుకెళ్లి సెంటరులో పాత పిండి డబ్బా అడుగున దాచాను. మునగాకు పప్పు, బెల్లం, పల్లీలు, మా కడుపుతో ఉన్న పిల్లలకు ఏమేం చెబుతానో అన్నీ పెట్టాను. ఆయన ముఖం కొంచెం ఎర్రబడ్డట్టు కూడా కనిపించింది. డాక్టరమ్మకంటే నాకే ఎక్కువ తెలుసని లోపల లోపల మురిసిపోయాను కూడా. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తను పోయి కుడితిలో పడ్డదని ఊరికే అనలేదు.

నలభై రోజులైందో లేదో. పొద్దున పది గంటలప్పుడు మునగాకు కట్ట పట్టుకుని సెంటరుకు వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఏదో అన్నాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది. పిల్లలు నవ్వారు.

"పొద్దుగాల్నే తాగొచ్చినవా? పిల్లల ముందట సిగ్గు లేదూ?" అన్నాను.

ఆయన మళ్లీ ఏదో చెప్పబోయాడు. మూతి ఒక పక్కకు జారింది. ఎడమ చేతిలోంచి మునగాకు కట్ట దానంతటదే కింద పడింది. దాన్ని తీసుకోవాలని ఆయన చూస్తున్నాడు, చెయ్యి మాత్రం కదలడం లేదు. అప్పుడు నాకు అర్థమైంది. తాగి వచ్చావా అన్నానే ఆ మాట, ఇప్పటికీ గుర్తొస్తే నా చెంప నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆటో దొరికి ఊరు దాటేలోపే మాట తిరిగొచ్చింది. "ఏం గాలే, ఇంటికి పోదాం పా" అన్నాడు. నేను వినలేదు. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే. నల్లగొండ చేరేసరికి చెయ్యి కూడా లేచింది.

తలకు ఫోటో తీశారు. సాయంత్రం డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చింది. గుండెలోంచి చిన్న గడ్డ మెదడుకు పోయి, అదృష్టం బాగుండి దానంతటదే కరిగిందని చెప్పింది. చెప్పి నా వైపు చూసింది.

"రక్తం గోలి రోజూ వేసుకుంటున్నడా?"

నా నోరు తెరుచుకోలేదు. ఊరంతా వినేంత పెద్ద నోరు, ఆ ఒక్క మాటకు తెరుచుకోలేదు.

మంచం మీంచి ఆయనే అన్నాడు. "నేనే బందు పెట్టిన మేడం. మస్తు గోలీలైతున్నయని."

డాక్టరమ్మకు కోపమొచ్చింది. "ఏం మనుషులయ్యా మీరు! కదపకుండ పెడితే పాలు తోడుకుంటయి గదా? వణికే గుండెల రక్తం గట్లనే నిలవుండి గడ్డ కడతది. ఆ గోలి రక్తాన్ని తక్కువ చెయ్యదు, నీళ్లు చెయ్యదు. తోడుకోకుండ చూస్తది, గంతే! ఇంట్ల సదువుకున్న భార్య ఉంది, అడగొద్దా?"

ఆయన తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. ఆమె వెళ్లిపోయాక అడిగాను. "బందు పెట్టినవా నువ్వు? ఎప్పుడు?"

"నువ్వు పెట్టినప్పుడే."

"నీకెట్ల ఎరుక?"

"ఎర్ర గోలికి, గులాబీ గోలికి తేడా ఎరుకుండదా టీచరమ్మా? గది నీ సెంటర్ల గోలి. నువ్వు ఊరందరికి పంచుతుంటె సూస్తలేనా?"

"మరి ఎందుకు మింగినవయ్యా?"

"నువ్వు ఇచ్చినవ్ గదా" అన్నాడు.

ఆ వార్డులో పన్నెండు మంచాలున్నాయి. అందరూ చూస్తుండగా, కొంగు నోట్లో కుక్కుకుని నేను ఏడ్చాను. ఆయన బాగైన ఎడమ చేత్తో నా వీపు నిమిరాడు.

తరువాత తీగ సంగతికి నేను అడ్డం చెప్పలేదు. కొన్ని నెలలకు పట్నంలో, సర్కారు కార్డు మీద అయింది. నేను బయట బెంచీ మీద కూర్చుని ఇనుప చువ్వలూ నిప్పులూ ఊహించుకుంటూ చచ్చాను. లోపల అట్లాంటిదేమీ లేదట. బయటికి తీసుకొచ్చినప్పుడు తొడ మీద చిన్న పట్టీ, అంతే. కాలు కదపకుండా కొన్ని గంటలు పడుకోమన్నారు. "మా అమ్మ పెట్టిచ్చిన సురుకులే నయం, జర మచ్చలన్న ఉన్నయి. గీళ్లు ఏం జేసిన్రో సాక్ష్యమే లేదు" అన్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకుని చూశాను. ఒకటి, ఒకటి, ఒకటి. పిల్లలు వరసగా నడిచినట్టు నాడి కొట్టుకుంటోంది. గోళీల మీద ఉన్న రోజుల్లో కూడా అంత కుదురుగా లేదు.

మొదటి నెలలో కోడిపిల్ల ఒకసారి వచ్చి పోయింది. మొదట్లో అట్లా వస్తుంది, భయపడొద్దన్నారు. మళ్లీ రాలేదు. గుండెను నెమ్మదిగా నడిపే గోళీ ఆపేశారు, దాంతో ఆ మబ్బు కూడా పోయింది. గట్టు ఎక్కితే ఆయాసం లేదు. మాపున మోకు తీసి నూనె రాయడం మొదలుపెట్టాడు. నేను చూసీ చూడనట్టు ఉన్నాను.

ఆరు నెలలకు మళ్లీ నల్లగొండ. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి నవ్వింది. గుండె బాగుందంది. ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

"మరి రక్తం గోలి ఎప్పుడు ఆపుతరు మేడం?"

ఆమె నవ్వు తగ్గించింది. "అది ఆపం. గుండె దారిల పడ్డా సరే, ఒకసారి మెదడుకు గడ్డ పోయింది గదా. ఇగ జీవితాంతం వేసుకోవాలె. ఆ రోజు గట్ల కాకపోయి ఉంటే ఆపేదాన్నేమో."

"ఒక్క చెట్టు గూడనా? పొట్టిది?"

"ఒక్కటి గూడ వద్దు."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు అట్లాగే కారాయి. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. అప్పుడు నా నోరు తెరుచుకుంది.

"మేడం, ఆ రోజు ఈయన అబద్ధం చెప్పిండు. గోలి బందు పెట్టింది నేను. రక్తం పల్చబడుతదంటే మనిషి పాడైతడనుకున్న. నేను ఇయ్యాల్సిన గోలి ఇచ్చి ఉంటే, ఈయన మళ్ల చెట్టెక్కుతుండె."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. తరువాత, "ఆ పాల మాట నేను మొదటి రోజే చెప్పాల్సిండె" అంది. ఆయన నా వైపు తిరిగి, "ఊకో టీచరమ్మా, గుండెల్నుంచి తీసేసెయ్యి" అన్నాడు. తీసెయ్యలేదు. అది తీసెయ్యడానికి ఏ తీగా లేదు.

ఇప్పుడు ఆయన మూడు గోళీల్లో రెండే మిగిలాయి. గులాబీ గోళీ ఇప్పటికీ నేనే చేతిలో పెడతాను. ఆయన రంగు చూడకుండానే మింగుతాడు. చూసి మింగమని రోజూ తిడతాను.

పోయిన ఎండాకాలం సెలవులయ్యాక ఒక పొద్దున మోకు భుజాన వేసుకుని సెంటరుకు వచ్చాడు.

"ఎటు పోతున్నవ్?"

"ఎటు పోత? పిల్లలకు ఉయ్యాల లేదంటివి గదా. తమ్మునికి కొత్తది ఉంది. గిది ఉట్టిగ ఎందుకు?"

సెంటరు ముందు వేపచెట్టు కొమ్మ ఎత్తు ఎక్కువేమీ కాదు, స్టూలెక్కితే అందుతుంది. ఆయన కాలు స్టూలు మీద పెట్టి నా ముఖం చూశాడు. నేను తల అడ్డంగా ఊపి, కొంగు దోపుకుని నేనే ఎక్కాను. కింద నిలబడి ఒక్కో మెలిక చెప్పాడు, చెప్పినట్టు వేశాను. నూనె తాగి తాగి తాడు నల్లగా, మెత్తగా ఉంది. నడుము ఒరుసుకున్న చోట నున్నగా అరిగింది.

"జర గట్టిగ గుంజు టీచరమ్మా" అన్నాడు. "ముప్పై ఏండ్లు నా పానం మోసిన తాడు గది."

రెండు చేతులా పట్టుకుని గట్టిగా గుంజాను.